స్కాలప్ అంటే ఏమిటి? జాకెట్టు మెడ నుంచి సముద్రపు గుల్ల దాకా తరచుగా అడిగే ప్రశ్నలు

విజయనగరంలో నా దగ్గర కుట్టు నేర్చుకునే ఆడపిల్లలు మూడో నెలలో స్కాలప్ నెక్ మొదలుపెడతారు. ఆ రోజు తప్పకుండా ఎవరో ఒకరు ఈ మాటకి అర్థం అడుగుతారు. మొదట్లో ‘వంపుల అంచు’ అని చెప్పి ఊరుకునేదాన్ని. తర్వాత హోటల్ మేనేజ్‌మెంట్ చదివే మా అక్క కొడుకు మెనూ కార్డు ఫొటో పంపి, ‘పిన్నీ, ఇక్కడ స్కాలప్ అంటే తినేదట, నువ్వు జాకెట్టు అంచు అన్నావు కదా’ అన్నాడు. విశాఖ షిప్‌యార్డులో వెల్డరుగా చేసి వచ్చిన మా మామయ్య ‘మాకు స్కాలప్ అంటే ప్లేటులో కోసే కన్నం’ అన్నారు. ముగ్గురం చెప్పిందీ నిజమే. అప్పటి నుంచి వచ్చిన సందేహాలన్నీ నోటుబుక్కులో రాసుకుంటూ వచ్చాను. ఏళ్ళు గడిచినా అవే మళ్ళీ మళ్ళీ వస్తున్నాయి, అందుకే అన్నీ ఒకచోట పెడుతున్నాను. మీకు ఏది కావాలో నేరుగా ఆ ప్రశ్న దగ్గరికే వెళ్ళండి.

## మాట మొదటిసారి విన్నప్పుడు

స్కాలప్ అంటే ఏటక్కా? ఒక్క ముక్కలో చెప్పు.

సముద్రంలో ఉండే ఒక రకం గుల్ల. రెండు చిప్పలు కీలు దగ్గర కలిసి ఉంటాయి. ఒక్కో చిప్ప విసనకర్రలా విచ్చుకుని, మీద ఎత్తుపల్లాల గీతలతో, అంచున చిన్న చిన్న వంపులతో ఉంటుంది. ఆ అంచు పోలిక ఎక్కడ కనిపించినా గుల్ల పేరే పెట్టేశారు. జాకెట్టు మెడ, చీర అంచు, నాణెం అంచు, ఆకు అంచు, అన్నీ అలా స్కాలప్ అయ్యాయి. గుల్ల లోపల తినే కండ కూడా స్కాలపే.

డిక్షనరీలో చూస్తే బోలెడన్ని అర్థాలు ఉన్నాయి. ఒక్క మాటకి ఇన్ని ఎలా వచ్చాయి?

ఇంగ్లీషు వాళ్ళకి ఈ మాట పాత ఫ్రెంచి ‘ఎస్కలోప్’ నుంచి వచ్చింది. దానికి అర్థం చిప్ప. అక్కడి నుంచి మూడు దారులు పట్టింది. చిప్ప ఆకారం చూసినవాళ్ళు అంచులకీ నగిషీలకీ ఆ పేరు వాడారు. చిప్ప లోపలిది తిన్నవాళ్ళు మాంసానికి వాడారు. ఖాళీ చిప్పనే గిన్నెలా చేసుకుని అందులో కూర పెట్టి కాల్చినవాళ్ళు, ఆ వండే పద్ధతికి వాడారు. ఇక ‘స్కాలపింగ్’ అంటే అంచు అలా కత్తిరించడమూ అవుతుంది, పడవేసుకుని ఆ గుల్లల వేటకి వెళ్ళడమూ అవుతుంది. కొత్త వాక్యంలో ఈ మాట తగిలి అర్థం కాకపోతే చిప్పని కళ్ళ ముందు పెట్టుకోండి. ఆకారం గురించా, మాంసం గురించా, వండే తీరు గురించా అని చూస్తే వెంటనే తెలిసిపోతుంది.

స్కాలప్ అనాలా, స్కొలప్ అనాలా?

రెండూ అంటారు. మన టైలర్లు, బట్టల షాపుల వాళ్ళు స్కాలప్ అంటారు, అది చాలు.

స్కాల్ప్ కూడా ఇదేనా?

కాదు. స్కాల్ప్ అంటే జుట్టు మొలిచే తలపై చర్మం. షాంపూ ప్రకటనల్లో వినేది అది. ఆన్‌లైన్‌లో డిజైన్లు వెతికేటప్పుడు స్పెల్లింగ్ తప్పు కొడితే జుట్టు రాలడం గురించిన వీడియోలు వచ్చేది అందుకే.

తెలుగులో దీనికి మాట లేదా?

ఒక్క ఈ గుల్లకే చెల్లే మాట నాకు ఎక్కడా వాడుకలో వినపడలేదు. గుల్ల, చిప్ప, ఆల్చిప్ప అనేవి రెండు చిప్పల జీవులన్నిటికీ కలిపి వాడతాం. శంఖం, గవ్వ, నత్త వేరు. వాటిది ఒకే ముక్క. అంచు గురించైతే నేను వంపుల అంచు అంటాను, అది పిల్లలకి చప్పున బొమ్మ కట్టిస్తుంది.

జిగ్‌జాగ్, అల, స్కాలప్, మూడిటికీ తేడా ఏమిటి? నాకు అన్నీ ఒకేలా కనిపిస్తున్నాయి.

కాగితం మీద గీసి చూడండి. జిగ్‌జాగ్‌లో పైనా కిందా రెండూ మొనలే. అలలో పైనా కిందా రెండూ గుండ్రమే. స్కాలప్‌లో ఒక వైపు గుండ్రం, రెండో వైపు మొన. అర్ధచంద్రాలు పక్కపక్కన పేర్చినట్టు ఉంటుంది. రెండు చంద్రాలు కలిసే ఆ మొనే దీనికి అందం. కుట్టేవాళ్ళకి టెన్షన్ కూడా అక్కడే.

మా నాన్న దగ్గర పాత పది పైసల బిళ్ల ఉంది. దాని అంచు కూడా స్కాలపేనా?

అవును, నాణేలు సేకరించేవాళ్ళు దాన్ని స్కాలప్ అంచు అనే రాస్తారు. 1957లో నయాపైసలు వచ్చినప్పుడు రెండు పైసలకీ పది పైసలకీ ఇలా వంపుల అంచు పెట్టారు. అంతకుముందు అణా బిళ్లకీ ఇదే అంచు ఉండేది. చేత్తో తడిమితే చాలు, ఏ బిళ్లో తెలిసేది. పాతిక పైసలు, అంతకంటే చిన్న నాణేలు 2011 జూన్ 30 తర్వాత చెల్లుబాటు కావడం లేదు. మీ నాన్నగారి బిళ్ల మాత్రం పారేయకండి. నా క్లాసులో కొత్త పిల్లకి స్కాలప్ అంటే ఏమిటో చెప్పాలంటే నేను ముందు ఆ బిళ్లే చేతిలో పెడతాను.

## కుట్టించుకునే ముందు

టైలర్‌కి ఏమని చెప్పాలి? ‘స్కాలప్ పెట్టండి’ అంటే చాలా?

చాలదు. నాలుగు సంగతులు చెప్పాలి. ఒక్కో వంపు వెడల్పు ఎంత, లోతు ఎంత, మెడకి మాత్రమేనా చేతులకి కూడానా, అంచు మీద పైపింగ్ కావాలా వద్దా. ఫొటో చూపిస్తే మంచిదే కానీ, ఫొటోలో మనిషి మెడ వేరు, మీ మెడ వేరు. సన్నటి మెడకి ఒక అంగుళం వంపులు ముద్దుగా ఉంటాయి. భుజాలు విశాలంగా ఉన్నవాళ్ళకి ఒకటిన్నర, రెండు అంగుళాలు నప్పుతాయి. అంగుళం కంటే చిన్నవి అడక్కండి. తిరగేసినప్పుడు గుండ్రం పోయి ముద్దలా అవుతుంది.

ఏ గుడ్డకి బాగా వస్తుంది? పొందూరు ఖద్దరుకి పెట్టించుకోవచ్చా?

నేత గట్టిగా ఉండి, అస్త్రీ చేస్తే మడత నిలిచే గుడ్డ ఏదైనా మంచిదే. కాటన్, రా సిల్క్, పట్టు బాగా వస్తాయి. జార్జెట్, షిఫాన్ జారిపోతాయి, వాటికి వెనక గట్టి ముక్క తప్పనిసరి. సాగే గుడ్డకి వద్దనే చెబుతాను.

పొందూరు ఖద్దరుకి నిక్షేపంగా పెట్టుకోవచ్చు, నేను చాలా కుట్టాను. చేత్తో వడికిన నూలు కాబట్టి కత్తెర పడిన చోట పోగులు త్వరగా ఊడతాయి. వెనక వేసే ముక్క కూడా సన్నటి కాటనే వేయండి. అస్త్రీతో అంటించే ప్లాస్టిక్ కాన్వాస్ వేస్తే ఖద్దరుకి ఉండే మెత్తదనం చచ్చిపోతుంది. ఇక్కడ ఒక మాట చెప్పాలి. పొందూరులో ఆడవాళ్ళు కొండపత్తిని వాలుగ చేప దవడ ఎముకతో ఏకుతారు. ఆ ఎముకకి ఉండే సన్నటి పళ్ళే వాళ్ళ దువ్వెన. స్కాలప్ కుటుంబానికి శాస్త్రం పెట్టిన పేరు పెక్టినిడే. లాటిన్‌లో పెక్టెన్ అంటే దువ్వెనే. చిప్ప మీది గీతలు దువ్వెన పళ్ళలా ఉంటాయని ఆ పేరు. చేప దవడతో దువ్విన గుడ్డకి దువ్వెన గుల్ల అంచు కుడుతున్నానని గుర్తొస్తే నాకు ఆ రోజంతా పని హాయిగా సాగుతుంది.

మామూలు మెడకీ స్కాలప్ మెడకీ కూలిలో అంత తేడా ఎందుకు?

మామూలు మెడ ఒక్క పరుగులో కుట్టేయొచ్చు. స్కాలప్‌లో ప్రతి మొన దగ్గరా మెషిన్ ఆపాలి, సూది గుడ్డలోనే దించి ఉంచాలి, పాదం ఎత్తి గుడ్డ తిప్పాలి, మళ్ళీ దింపాలి. చీర అంచు సంగతి లెక్క వేయండి. ఐదున్నర మీటర్ల చీరకి ఐదు సెంటీమీటర్ల వంపులంటే 110 వంపులు. 110 సార్లు ఆగాలి, 110 సార్లు గాటు పెట్టాలి, 110 వంపులు తిరగేసి అస్త్రీ చేయాలి. అడిగిన కూలి న్యాయమైనదే అనుకోండి.

మగ్గం వర్క్ చేయించాక మెడ స్కాలప్‌లా కోయొచ్చా?

వద్దు, పూసలు తెగి రాలిపోతాయి. ముందు గుడ్డ మీద వంపులు గీయించి, ఆ గీత ప్రకారమే వర్క్ చేయించి, ఆఖర్న కోయాలి. కుట్టు పడే గీతకి కనీసం అర సెంటీమీటరు దూరంలో వర్క్ ఆగిపోవాలని మగ్గం వాళ్ళకి ముందే చెప్పండి. పూస పాదం కింద పడితే సూది విరుగుతుంది.

## కుట్టేటప్పుడు

వంపులు సరిగ్గా రావడానికి లెక్క ఎలా? నాకెప్పుడూ ఆఖర్న సగం వంపు మిగిలిపోతోంది.

కోసిన అంచు కొలుస్తున్నారు, అందుకే. కుట్టు పడే గీత మీద టేపు నిలబెట్టి కొలవండి. ముందు వెనక కలిపి ఆ గీత 24 అంగుళాలు వచ్చిందనుకోండి, ఒకటిన్నర అంగుళం చొప్పున సరిగ్గా 16 వంపులు. 23 వస్తే 15 వంపులు పెట్టి, ఒక్కోటీ ఒకటిన్నర కంటే సుమారు ఒక మిల్లీమీటరు ఎక్కువ చేయండి. ఆ తేడా కంటికి తెలియదు. సగం వంపు మాత్రం ఆమడ దూరం నుంచి కనిపిస్తుంది. ఇంకొకటి, ముందు మెడ మధ్యలో మొన రావాలా, గుండ్రం రావాలా అన్నది ముందే అనుకుని అక్కడి నుంచి రెండు వైపులా గీసుకుంటూ వెళ్ళండి. భుజం కుట్టు దగ్గర మొన పడేలా చూసుకుంటే ముందూ వెనకా చక్కగా కలుస్తాయి.

గాజు పెట్టి గీస్తే సరిపోతుందా?

సరిపోతుంది, మూత అయినా ఫర్వాలేదు. కాకపోతే గాజులో సగం గీయకండి. పూర్తి అర్ధచంద్రం అయితే మొన మరీ లోతుగా పోయి తిరగేయడం కష్టమవుతుంది. లోతు, వెడల్పులో మూడో వంతు ఉంటే చాలు. ఒకటిన్నర అంగుళం వెడల్పుకి అర అంగుళం లోతు. ముందు అట్టముక్క మీద మూడు వంపులు గీసి కోసుకోండి, దాన్నే జరుపుకుంటూ గుడ్డ మీద చాక్‌తో గీయండి.

తిరగేశాక మొనల దగ్గర ముడతలు పడి లాగేసినట్టు ఉంటోంది. ఎంత అస్త్రీ చేసినా పోవడం లేదు. ఏం తప్పు చేస్తున్నాను?

నాకు అన్నిటికంటే ఎక్కువసార్లు వచ్చిన ప్రశ్న ఇదే. తప్పు కత్తెర దగ్గర ఉంది.

నేను నేర్చుకునే రోజుల్లో, మా తోటికోడలి సీమంతానికి ఆకుపచ్చ పట్టు జాకెట్టు కుట్టాను. పద్నాలుగు వంపులు. కుట్టు తెగుతుందేమోనన్న భయంతో మొనల దగ్గర గాటు పైపైనే పెట్టి వదిలేశాను. తిరగేస్తే ఒక్క మొన కూడా తెరుచుకోలేదు, ప్రతిదీ పిడికిలి బిగించినట్టు ఉంది. ఆ రాత్రి పద్నాలుగు మొనలూ విప్పి మళ్ళీ కుట్టాను. అప్పటి నుంచి పిల్లలకి ఇలా చూపిస్తున్నాను.

వంపు కుట్టేటప్పుడు కుట్టు చిన్నది పెట్టండి. మొన దగ్గరికి వచ్చాక సూది దించి తిప్పండి, అక్కడ అడ్డంగా ఒకే ఒక్క కుట్టు వేసి మళ్ళీ తిప్పి రెండో వంపులోకి వెళ్ళండి. ఆ ఒక్క అడ్డకుట్టు వల్ల గుడ్డకి తిరగడానికి చోటు దొరుకుతుంది. తర్వాత వంపుల బయట మిగిలిన గుడ్డని మూడు నాలుగు మిల్లీమీటర్లు ఉంచి కోసేయండి. ఇప్పుడు కత్తెర కొసతో మొనలోకి, కుట్టుకి ఒక పోగు దూరం వరకు గాటు పెట్టండి. ఒక పోగు అంటే నిజంగా ఒక పోగే, వెలుతురులో పెట్టుకుని చూసి కోయండి. గుండ్రం మీద కూడా అక్కడక్కడా చిన్న గాట్లు పెట్టండి. తిరగేశాక మొద్దు కొస ఉన్న పుల్లతో లోపలి నుంచి గుండ్రం నెట్టి, వేళ్ళతో కుట్టుని అంచుకి తెచ్చి, అప్పుడు అస్త్రీ చేయండి. మొన తెరుచుకుంటుంది.

ఒకసారి ఉతగ్గానే అంచు ముడుచుకుపోయింది.

వెనక వేసిన ముక్క కుంచించుకుంది. లైనింగ్ గుడ్డని ముందే రాత్రంతా నీళ్ళలో నానబెట్టి ఆరేసి కోయాలి.

## మెనూలో, వంటింట్లో

స్కాలప్ అని ప్లేటులో తెల్లగా గుండ్రంగా ఇస్తారు. అది గుల్లలో ఏ భాగం?

రెండు చిప్పల్నీ మూసి ఉంచే కండ. మనం గుల్లలు ఉడికించినప్పుడు చిప్పకి అంటుకుని చిన్న ముడిలా ఉంటుందే, అదే ఇందులో పెద్ద బొత్తాం అంత ఉంటుంది. ఈ జీవికి చిప్పలు టపటపా కొట్టుకోవడం అలవాటు కాబట్టి కండ బాగా పెరుగుతుంది. అమెరికాలో ఆ కండ ఒక్కటే అమ్ముతారు. యూరప్‌లో చాలా చోట్ల దాని పక్కన ఉండే నారింజ రంగు గుడ్ల భాగం కూడా పెడతారు. రుచి తియ్యగా, మెత్తగా ఉంటుంది, నీచు తక్కువ.

క్రూయిజ్ షిప్పులో ఉద్యోగానికి ఇంటర్వ్యూ ఉంది. డ్రై స్కాలప్, వెట్ స్కాలప్, యు-10 అంటే ఏం చెప్పాలి?

డ్రై అంటే ఎండబెట్టినది అనుకోకండి, చాలామంది అక్కడే పొరబడతారు. గుల్ల నుంచి తీసి ఏమీ కలపకుండా ఉంచినది డ్రై. సోడియం ట్రైపాలీఫాస్ఫేట్ ద్రావణంలో నానబెట్టి నీరు పట్టించినది వెట్. వెట్ రకం తెల్లగా మెరుస్తుంది, పెనం మీద వేయగానే పాలలాంటి నీరు వదులుతుంది, ఎర్రగా వేగదు. యు-10 అంటే ఒక పౌనుకి, అంటే సుమారు 450 గ్రాములకి, పదికి లోపే తూగేంత పెద్దవి. 20/30 అంటే పౌనుకి ఇరవై నుంచి ముప్ఫై. అంకె పెరిగేకొద్దీ ముక్క చిన్నది. నిజంగా ఎండబెట్టినవి చైనా వంటల్లో వాడతారు, వాటిని కాన్‌పోయ్ అంటారు.

ఫ్రోజెన్ ప్యాకెట్ తెచ్చాం. ఎలా వండాలి?

రాత్రి ఫ్రిజ్‌లో కింద అరలో పెట్టి మంచు వదిలించండి. పొడిగుడ్డతో తడి పూర్తిగా అద్దేయండి, వంటంతా ఆ తడి మీదే ఆధారపడి ఉంటుంది. ఉప్పు, మిరియాలు చాలు. ఇనప పెనం బాగా కాలాక కొద్దిగా నూనె వేసి, ముక్కల మధ్య చోటు వదిలి పెట్టండి. కదపకండి. ఒకటిన్నర, రెండు నిమిషాలకి అడుగు బంగారు రంగుకి వస్తుంది, తిప్పి ఇంకో అంతసేపు. రొయ్యల ఇగురులా దగ్గరికి ఉడికిస్తే రబ్బరు ముక్క అవుతుంది. మసాలా కావాలంటే విడిగా చేసుకుని పక్కన పెట్టుకోండి.

మేం శాకాహారులం. స్కాలప్డ్ పొటాటోస్‌లో గుల్ల ఉంటుందా?

ఉండదు. బంగాళదుంపని పలచగా చక్రాల్లా కోసి, పొరలు పొరలుగా పేర్చి, పాలు లేదా క్రీమ్ పోసి ఓవెన్‌లో కాల్చే వంట అది. పూర్వం ఇలాంటివి చిప్పల్లో పెట్టి కాల్చేవారు, పేరు అలా నిలిచింది. కొన్నిచోట్ల మాంసం ఉడికించిన నీళ్ళు పోస్తారు కాబట్టి ఆ ఒక్కటి అడిగి తెలుసుకోండి.

ఆస్ట్రేలియాలో పిల్లలు చదువుకునేవాళ్ళు ఇంకో సంగతి అడుగుతారు. సిడ్నీ వైపు పొటాటో స్కాలప్ అంటే బంగాళదుంప చక్రాన్ని మైదా జారులో ముంచి నూనెలో వేయించినది. మన బజ్జీయే, శనగపిండికి బదులు మైదా.

ఎస్కలోప్ కూడా ఇదేనా?

మూలం ఒకటే, వంట వేరు. ఎస్కలోప్ అంటే పలచగా కోసి చదును చేసిన మాంసం ముక్క. సముద్రంతో సంబంధం లేదు.

మా ఆయనకి రొయ్యలు పడవు. స్కాలప్ తినొచ్చా?

డాక్టరుని అడగకుండా తినొద్దు. రొయ్యలు, పీతలు ఒక జాతి, గుల్లలు ఇంకో జాతి, కాబట్టి ఒకటి పడకపోయినా రెండోది పడేవాళ్ళు ఉన్నారు. అయితే ఎలర్జీ తెచ్చే ట్రోపోమయోసిన్ అనే ప్రొటీన్ రెండిటిలోనూ ఉంటుంది. పెళ్ళి విందులో ప్రయోగం చేసే విషయం కాదిది.

వీగన్ స్కాలప్ అని చూశాను. అదేమిటి?

లావు కాడ ఉండే కింగ్ ఆయిస్టర్ పుట్టగొడుగు. కాడని చక్రాల్లా కోసి వేయిస్తే చూడ్డానికి అచ్చం అలాగే ఉంటుంది.

## సముద్రం ఒడ్డున

కళింగపట్నం ఒడ్డున గీతల చిప్ప ఏరుకున్నాం. అది స్కాలపేనా?

చెవులు చూడండి. స్కాలప్ చిప్ప కీలు దగ్గర, రెండు వైపులా చిన్న త్రికోణాల్లా రెండు రెక్కలు పొడుచుకొచ్చి ఉంటాయి. వాటిని చెవులంటారు. చెవులు లేకుండా, లావుగా, బాగా ఉబ్బి, లోతు గీతలతో ఉంటే అది వేరే జాతి. కీలు గీత తిన్నగా ఉండి, దాని వెంట రంపంలా సన్నటి పళ్ళు వరసగా ఉంటే అది ఆర్క్ గుల్ల. స్కాలప్ కీలుకి ఆ పళ్ళ వరస ఉండదు. అరచేతిలో బోర్లా పెట్టి చూస్తే స్కాలప్ చదునుగా, తేలిగ్గా, విసనకర్రలా ఉంటుంది. ఏరేటప్పుడు లోపల జీవం ఉంటే నీళ్ళలోనే వదిలేయమని పిల్లలకి చెప్పండి, ఖాళీ చిప్పలే తెచ్చుకోండి.

మన శ్రీకాకుళంలో ఇంత తీరం ఉంది కదా, చేపల మార్కెట్లో స్కాలప్ ఎందుకు కనిపించదు?

వేట గిట్టేంత గుంపులుగా ఇవి ఎక్కువగా చల్లటి నీళ్ళలో దొరుకుతాయి. ఉత్తర అట్లాంటిక్, ఉత్తర జపాన్, ఉత్తర చైనా తీరాలు వీటికి పేరుమోసినవి. వెచ్చటి సముద్రాల్లోనూ జాతులు ఉన్నాయి, మొత్తం మీద 300 పైనే. మన వైపు వలలో ఎప్పుడైనా పడితే పడతాయి కానీ దాన్ని నమ్ముకుని ఎవరూ పడవ దింపరు. జపాన్‌లో హొక్కయిడో తీరంలో, ముత్సు అఖాతంలో పెంచుతారు. అక్కడొక పద్ధతి నాకు భలే నచ్చింది. చిన్న గుల్ల చెవికి సన్నటి కన్నం పొడిచి, దారం ఎక్కించి, తాడుకి వరసగా వేలాడదీసి నీళ్ళలో దించుతారు. అచ్చంగా చెవులు కుట్టినట్టే.

గుల్ల ఈదుతుందంటే నమ్మాలా?

నమ్మండి. మిగతా గుల్లలు చాలావరకు ఇసకలో దూరో, రాతికి అతుక్కునో బతుకుతాయి. స్కాలప్ రెండు చిప్పల్నీ చప్పట్లు కొట్టినట్టు కొడుతూ నీటిని చిమ్మి ఎగురుతుంది. నీరు కీలు పక్కల నుంచి వెనక్కి చిమ్ముతుంది కాబట్టి తెరుచుకునే వైపు ముందుకి పోతుంది. నీళ్ళని కొరుక్కుంటూ వెళ్తున్నట్టు ఉంటుంది. నక్షత్ర చేప దగ్గరికి వస్తే ఇలాగే తప్పించుకుంటుంది.

దానికి వంద కళ్ళు ఉంటాయట, నిజమేనా?

కొన్నిటికి 200 దాకా ఉంటాయి. చిప్ప తెరుచుకున్నప్పుడు అంచు వెంట ఆవగింజల్లాంటి చుక్కలు వరసగా కనిపిస్తాయి, కొన్ని జాతుల్లో మెరిసే నీలం రంగులో. మన కంట్లో లెన్స్ వెలుతురుని ఒకచోటికి చేరుస్తుంది. స్కాలప్ కంట్లో ఆ పని వెనక ఉన్న అద్దం చేస్తుంది. గువానిన్ అనే పదార్థపు చదరపు స్ఫటికాలు గచ్చు పలకల్లా పరుచుకుని ఆ అద్దం ఏర్పడిందని 2017లో శాస్త్రవేత్తలు దగ్గరగా చూసి చెప్పారు. పెద్ద టెలిస్కోపుల్లో ముక్కలు ముక్కలుగా అద్దాలు పేర్చే పద్ధతి కూడా ఇలాంటిదే.

స్కాలప్డ్ హామర్‌హెడ్ అనే సొరకి ఈ పేరెందుకు?

సుత్తి లాంటి దాని తల ముందు అంచు వంపులు వంపులుగా నొక్కుకుని ఉంటుంది కాబట్టి. ఇది పూర్తిగా అంతరించే ముప్పులో ఉన్న జాతి.

## బొమ్మల్లో, గుర్తుల్లో

పెట్రోలు కంపెనీ షెల్ బోర్డు మీద ఉన్నది స్కాలపేనా?

అవును. 1897లో ఆ కంపెనీ పెట్టిన మార్కస్ శామ్యూల్ తండ్రి లండన్‌లో సముద్రపు చిప్పలూ అలంకార వస్తువులూ అమ్మేవారు, పేరు అక్కడిది. మొదటి గుర్తు మస్సెల్ గుల్ల. 1904లో స్కాలప్‌కి మారారు. ఇందులో మన దేశం పాత్ర కూడా ఉందంటారు. ఇక్కడికి వాళ్ళ కిరసనాయిలు దిగుమతి చేసిన గ్రేహామ్ అనే వ్యాపారి వంశచిహ్నంలో ఈ చిప్ప ఉండేదని, గుర్తు అలా వచ్చి ఉండొచ్చని కంపెనీయే చెప్పుకుంటుంది. ఇప్పుడు మనం చూసే బొమ్మ 1971లో రేమండ్ లోవీ గీసింది.

స్పెయిన్‌లో యాత్రికులు ఈ చిప్ప మెడలో వేసుకుంటారు. ఎందుకు?

స్పెయిన్ వాయవ్య మూలన శాంటియాగో డి కంపోస్టెలా ఉంది. ఏసు శిష్యుడు యాకోబు సమాధి అక్కడి కేథడ్రల్‌లో ఉందని నమ్మకం. మధ్యయుగాల నుంచి యూరప్ నలుమూలల నుంచి జనం నడిచి వెళ్తున్నారు. అక్కడి సముద్ర తీరంలో స్కాలప్ చిప్పలు దండిగా దొరుకుతాయి. కాశీ వెళ్ళినవాళ్ళు గంగ చెంబు తెచ్చుకున్నట్టు, వాళ్ళు వెళ్ళొచ్చినందుకు గుర్తుగా చిప్ప తెచ్చుకునేవారు. దారిలో దాంతో నీళ్ళు ముంచుకు తాగడానికీ పనికొచ్చేది. చిప్ప గీతలన్నీ ఒక్కచోట కలుస్తాయి కదా, ఎక్కడెక్కడి దారులూ ఆ గుడి దగ్గర కలిసినట్టే అని కూడా చెబుతారు. ఇప్పటికీ దారి పొడవునా రాళ్ళ మీదా గోడల మీదా ఈ చిప్ప బొమ్మే దారి చూపిస్తుంది. ఫ్రెంచి మెనూల్లో దీన్ని ‘కోకీ సెంట్ జాక్’, అంటే యాకోబు చిప్ప అనడం కూడా ఇందుకే.

సముద్రంలో చిప్ప మీద నిలబడ్డ అమ్మాయి పెయింటింగ్ ఎవరిది?

ఇటలీ చిత్రకారుడు బొటిచెల్లి సుమారు 1485లో వేసిన వీనస్ బొమ్మ. ఫ్లోరెన్స్‌లో ఉఫీజీ మ్యూజియంలో ఉంది. మన లక్ష్మీదేవి పాలసముద్రం నుంచి తామర మీద వచ్చినట్టు, వాళ్ళ ప్రేమదేవత సముద్రపు నురగలో పుట్టి చిప్ప మీద ఒడ్డుకి వచ్చిందని కథ.

పాత కోటల్లో, మహళ్ళలో వంపుల ఆర్చీలు ఉంటాయి. వాటినీ స్కాలప్ అంటారా?

అంటారు. ఢిల్లీ ఎర్రకోటలో దివాన్-ఎ-ఆమ్ ఆర్చీలు మంచి ఉదాహరణ. జాకెట్టు మెడకి కొత్త డిజైను కావాలంటే ఒకసారి వాటి ఫొటోలు చూడండి.

## చదువులో, పనిలో

ఫిజిక్స్‌లో స్కాలప్ సిద్ధాంతం అంటే ఏమిటి? మా అబ్బాయికి సెమినార్ ఉంది.

నోబెల్ పొందిన భౌతిక శాస్త్రవేత్త ఎడ్వర్డ్ పర్సెల్ 1977లో చెప్పింది. బాక్టీరియా అంత చిన్న జీవికి నీళ్ళు ఆముదంలా చిక్కగా తగులుతాయి. అక్కడ మూయడం తెరవడం తప్ప ఇంకేమీ చేతకాని స్కాలప్ ఉందనుకోండి. మూసినప్పుడు ఎంత ముందుకి వెళ్తుందో, తెరిచినప్పుడు అంతే వెనక్కి వస్తుంది. వేగంగా మూసి నెమ్మదిగా తెరిచినా లాభం లేదు. అందుకే బాక్టీరియా తన తోకని మర స్క్రూలా తిప్పుకుంటూ పోతుంది. నిజమైన స్కాలప్ పెద్దది, నీళ్ళు దానికి పలచనే, కాబట్టి ఒక్క చప్పట్టుకి దూసుకుపోతుంది.

షిప్‌యార్డులో స్కాలప్ కట్ అంటే?

ఓడ అడుగున రెండు ప్లేట్లు కలిపిన వెల్డింగ్ గీత మీద అడ్డంగా ఇంకో ప్లేటు నిలబెట్టాలి. అప్పుడు నిలువు ప్లేటు అడుగున అర్ధచంద్రంలా కోసి, కింది వెల్డింగ్‌కి దారి వదులుతారు. వెల్డింగ్ మీద వెల్డింగ్ పడి ఆ చోటు బలహీనపడకుండా ఉంటుంది, నీళ్ళు నిలవకుండా కారిపోతాయి. ర్యాట్ హోల్ అని కూడా అంటారు.

సీఎన్‌సీలో, అంటే కంప్యూటరు నడిపే కోత మెషిన్‌లో, స్కాలప్ హైట్ తగ్గించడం ఎలా?

గుండ్రటి మొన ఉన్న కట్టర్ పక్కపక్కన గీతలు గీస్తూ వెళ్ళినప్పుడు మధ్యలో మిగిలే గట్టు ఎత్తు అది. గీతల మధ్య దూరం సగం చేస్తే గట్టు ఎత్తు సుమారు నాలుగో వంతుకి పడిపోతుంది. పని సమయం మాత్రం రెట్టింపు అవుతుంది.

గుహల గోడల మీద కూడా స్కాలప్‌లు ఉంటాయా?

ఉంటాయి. సున్నపురాయి గోడని పారే నీరు కరిగించుకుంటూ పోతే చెంచాతో గీకినట్టు గుంటలు పడతాయి. గుంటలు చిన్నగా ఉంటే నీరు వేగంగా పారిందని లెక్క. నీరు ఎండిపోయి వేల ఏళ్ళయినా గోడ చూసి ప్రవాహం చెప్పొచ్చు.

బోటనీలో ఆకు అంచు స్కాలప్ అని రాశారు. మన ఇళ్ళ దగ్గర అలాంటి ఆకు ఏదైనా ఉందా?

సరస్వతి ఆకు చూడండి, రణపాల ఆకు ఇంకా బాగా తెలుస్తుంది. రణపాల అంచు అంతా గుండ్రటి వంపులు, వంపుకీ వంపుకీ మధ్య చిన్న నొక్కు. ఆకు తెంపి తడి మట్టి మీద పడేస్తే కొన్ని రోజులకి సరిగ్గా ఆ నొక్కుల్లోంచే బుల్లి మొక్కలు వస్తాయి, సన్నటి వేళ్ళతో సహా. మా క్లాసు కిటికీలో ఒక కుండీ పెట్టాను. మొన దగ్గర గాటు పెట్టడానికి భయపడే పిల్ల ఉంటే, ఆ ఆకు తెచ్చి మొక్క వచ్చిన చోటు వేలితో తడమమంటాను. కత్తెర కొస వెళ్ళాల్సింది అక్కడికే.